కారు అద్దానికి పగులు: వారంటీలో వచ్చేదేది, బీమాలో వచ్చేదేది, దగ్గరుండి ఎలా మార్పించుకోవాలి

చౌటుప్పల్ దాటాక టిప్పర్ వెనక పోతున్నా, జడ్చర్ల నుంచి కొత్తకోట వైపు వెళ్తున్నా, హుజూర్‌నగర్, మేళ్లచెరువు సిమెంటు లారీల మధ్య చిక్కుకున్నా ముందు అద్దానికి ఎప్పుడో ఒకప్పుడు కంకర రాయి తగులుతుంది. దానికి తోడు మన ఎండ. మే నెలలో నల్లగొండ, మిర్యాలగూడ వైపు 44 డిగ్రీలు మామూలే. చిన్న చుక్కలా ఉన్న దెబ్బ ఒక్క మధ్యాహ్నంలో జానెడు పగులైపోతుంది.

షోరూమ్‌కు తీసుకెళ్తే వినిపించే మొదటి మాట "గ్లాస్ వారంటీలో రాదు సార్, ఇన్సూరెన్స్‌లో చేయించుకోండి". ఆ మాట సగమే నిజం. రాయి తగిలి పగిలిన అద్దం వారంటీలో రాదు. తయారీలోనో, ఫ్యాక్టరీలో బిగించేటప్పుడో లోపం జరిగి పగిలిన అద్దం వారంటీ కిందికే వస్తుంది. మీది ఏ రకమో పగులే చెబుతుంది, కాకపోతే దాన్ని కడగకముందు, ఎవరూ చెయ్యి పెట్టకముందు చూడాలి.

పగులును చదవడం

ముందు అద్దం ఒక్కటి కాదు, రెండు పలకలు. వాటి మధ్య పీవీబీ అనే పల్చటి పారదర్శక పొర ఉంటుంది. అందుకే అది పగిలినా రాలిపోదు. తలుపుల అద్దాలు, వెనక అద్దం చాలా కార్లలో టఫెన్డ్ రకం. అవి పగిలితే పటిక ముక్కల్లా పొడిపొడిగా రాలతాయి.

ముందు అద్దంపై పగులు కనిపించగానే బాల్‌పెన్ను రీఫిల్ మొనను బయటి వైపు నుంచి పగులు పొడవునా మెల్లగా జరపండి. ఎక్కడైనా గుంటలో పడి ఆగితే అది రాయి దెబ్బ. దాని చుట్టూ చిన్న నక్షత్రమో, వృత్తంలో సగమో కనిపిస్తుంది. ఆ గుంట నుంచే గీతలు బయలుదేరి ఉంటాయి. ఇది బీమా కేసు, వారంటీ గురించి వాదించి రోజులు పోగొట్టుకోవద్దు.

గుంట ఎక్కడా తగలకుండా, పగులు అద్దం అంచు దగ్గరే మొదలై, మొదటి అంగుళం అంచుకు నిటారుగా వచ్చి, ఆ తర్వాత వంపు తిరిగి ఉంటే అది ఒత్తిడి పగులు. బాడీ అంచు ఎత్తుపల్లాలుగా ఉండటం, జిగురు ఒకచోట ఎక్కువై అద్దం దాని మీద ఎత్తుగా కూర్చోవడం, క్లిప్పు నొక్కుకోవడం, బిగించే ముందే అద్దం అంచు కొంచెం చిట్లి ఉండటం దీనికి కారణాలు. వారంటీ అడగాల్సింది ఇలాంటిదానికే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అంచు మీద రబ్బరు బీడింగ్ కప్పి ఉంటుంది కాబట్టి "బీడింగ్ కింద రాయి తగిలి ఉంటుంది" అని షోరూమ్‌లో కారు తీసుకునే సర్వీస్ అడ్వైజర్ అనవచ్చు. అప్పుడు మీ ఎదుటే బీడింగ్ ఎత్తి చూపించమనండి, ఎత్తిన క్షణమే ఫొటో తీయండి. మీరు లేనప్పుడు అద్దం తీసేస్తే ఆ అంచు ఎలా ఉండేదో ఇక ఎవరూ చెప్పలేరు.

"ఎండకు పగిలింది" అన్నా ఒప్పుకోవద్దు. ఎండలో నిలిపిన కారులో ఏసీ వేసినంత మాత్రాన బాగున్న అద్దం పగలదు, అది అలాంటి వేడికి తట్టుకునేలానే తయారవుతుంది. ముందే దెబ్బ ఉన్నా, అంచు చిట్లి ఉన్నా మాత్రం వేడి దాన్ని సాగదీస్తుంది. కాబట్టి అసలు ప్రశ్న ఆ మొదటి లోపం ఎక్కడిదన్నదే.

పగులు లేకపోయినా వారంటీలో అడగదగ్గవి ఇంకా ఉన్నాయి. తల అటూ ఇటూ కదిపితే కరెంటు స్తంభం వంకర తిరిగినట్టు కనిపించడం, అంచుల నుంచి తెల్లటి పొగలాంటి మసక లోపలికి పాకడం, అంటే పొరలు విడిపోవడం, అద్దం చుట్టూ నీళ్లు కారడం, 80 దాటితే ఈల లాంటి గాలి చప్పుడు. తలుపు అద్దం ఎక్కకుండా దిగకుండా ఆగితే గ్లాస్ మెషీన్, దాని మోటారు కూడా వారంటీలోవే. బయట అంటించిన ఫిల్మ్ ఊడి సందులో ఇరుక్కుంటే, బయటి మెకానిక్ వైర్లు కోసి సెంట్రల్ లాక్ పెట్టి ఉంటే మాత్రం తిరస్కరిస్తారు. ఫిల్మ్ విషయంలో ఇంకో సంగతి: మోటారు వాహనాల నియమాల ప్రకారం ముందు, వెనక అద్దాలు కనీసం 70 శాతం, పక్క అద్దాలు కనీసం 50 శాతం వెలుతురును పోనివ్వాలి. కొత్త అద్దం వేయించాక మళ్లీ నల్ల ఫిల్మ్ వేయించి చలానాలు కొని తెచ్చుకోకండి.

నీళ్లు కారుతున్నాయని ఫిర్యాదు చేసే ముందు బానెట్ ఎత్తి వైపర్ల కింది జాలీ చూడండి. వేపచెట్టు కింద నిలిపే కార్లలో ఆకులు, పూత చేరి నీళ్లు పోయే దారి మూసుకుపోతుంది. ఆ నీరే కాళ్ల దగ్గరికి దిగుతుంది. అది అద్దం లోపం కాదు, అరగంట శుభ్రం చేస్తే పోతుంది. సన్‌రూఫ్ ఉంటే నాలుగు మూలల గొట్టాలకూ ఇదే వర్తిస్తుంది.

మూలలోని ముద్ర

ప్రతి అద్దం కింది మూలలో చిన్న ముద్ర ఉంటుంది. తయారీదారు పేరు, ఐఎస్ఐ గుర్తుతో పాటు ఐఎస్ 2553 అనే ప్రమాణం సంఖ్య, తయారీ కాలాన్ని చెప్పే అంకెలు, చుక్కలు అందులో ఉంటాయి. ఆ చుక్కల లెక్క కంపెనీకో రకంగా ఉంటుంది, దాన్ని విప్పలేకపోయినా పర్వాలేదు. కారులోని అన్ని అద్దాల ముద్రలూ పక్కపక్కన పెట్టి పోల్చండి. ఐదు అద్దాలు ఒక ఏడాదివి, ముందు అద్దం మాత్రం కారు తయారైన నెల తర్వాతిది అయితే, అది మీ చేతికి రాకముందే ఎక్కడో మారింది. ఈ పోలిక డెలివరీ రోజే చేయడం అన్నిటికంటే మంచిది. ఆ రోజు చేయకపోయినా ఇప్పుడు పనికొస్తుంది: డీలర్ యార్డులో మార్చిన అద్దం నీళ్లు కారితే ఆ బిగింపు బాధ్యత వాళ్లదే.

మొదటి గంటలో చేయాల్సినవి

పగులు మీద పారదర్శక టేపు అంటించండి, దుమ్ము, తేమ లోపలికి పోకుండా. ఫెవిక్విక్ పోయవద్దు, నెయిల్ పాలిష్ పూయవద్దు. ఆ తర్వాత అక్కడ రెజిన్, అంటే దెబ్బను నింపే పారదర్శక జిగురు, దిగదు, ఒత్తిడి పగులు అనడానికి సాక్ష్యమూ పోతుంది. వేడెక్కిన అద్దం మీద చల్లటి నీళ్లు కొట్టవద్దు. ఏసీ గాలిని అద్దం వైపు కాకుండా మొహం వైపు తిప్పండి. తలుపులు గట్టిగా వేయకండి.

తర్వాత ఫొటోలు. నంబరు ప్లేటు కనిపించేలా కారు మొత్తం ఒకటి, కిలోమీటర్ల రీడింగు ఒకటి, పగులు పక్కన రూపాయి బిళ్ల పెట్టి బయటి నుంచి, లోపలి నుంచి, పగులు అంచును తాకే చోట దగ్గరగా రెండు మూడు, మూలలోని ముద్ర ఒకటి. వెనక ఒక నల్లగుడ్డ పట్టుకుంటే పగులు స్పష్టంగా పడుతుంది. చివరగా పెన్ను మొన జరుపుతూ ఒక చిన్న వీడియో. ఈ వీడియోనే తర్వాత ఎక్కువసార్లు అక్కరకొస్తుంది.

తలుపు అద్దం దానంతటదే పేలిపోతే ముక్కల్ని ఊడ్చి పారేయకండి. టఫెన్డ్ అద్దాల్లో అరుదుగా తయారీ లోపం వల్లే అలా జరుగుతుంది, నిరూపించడం మాత్రం కష్టం. ఫ్రేములో నిలిచిన ముక్కలుంటే కదపకుండా ఫొటో తీసి, రాలినవాటిని కవరులో పెట్టండి.

వారంటీ దారిలో వెళ్తే

వారంటీ పుస్తకం తీసి రెండు పేజీలు చదవండి, ఏది వర్తిస్తుందన్నది ఒకటి, ఏది వర్తించదన్నది ఇంకొకటి. మినహాయింపుల్లో అద్దం గురించి ఏ మాట వాడారో గమనించండి. బయటి దెబ్బ వల్ల పగిలిన అద్దం అని ఉంటే ఒత్తిడి పగులు ఆ మినహాయింపులో లేనట్టే. సర్వీసులన్నీ సమయానికి జరిగినట్టు రికార్డు ఉండాలి.

కారు హైదరాబాద్‌లో కొన్నారని అక్కడికే తోలుకుపోనక్కర్లేదు. ఆ కంపెనీ అధీకృత వర్క్‌షాప్ నల్లగొండలో ఉన్నా, మహబూబ్‌నగర్‌లో ఉన్నా వారంటీ పని చేయాల్సిందే.

కారు అప్పగించేటప్పుడు వర్క్‌షాప్‌లో ఫిర్యాదు రాసుకునే జాబ్‌కార్డే ఈ వ్యవహారానికి పునాది. అడ్వైజర్ తొందరలో "ఎఫ్ఆర్ గ్లాస్ బ్రోకెన్" అని రెండు ముక్కలు రాసేస్తారు. ఆ రాత కంపెనీకి వెళ్తే తిరస్కారం ఖాయం. ఇలా రాయమనండి: "ముందు అద్దం, ఎడమ వైపు కింది అంచు నుంచి 22 సెంటీమీటర్ల పగులు. బయటి వైపు దెబ్బ గుంట లేదు. బీడింగ్ కస్టమర్ ఎదుట తెరిచి చూడాలి." కొలత, వైపు మీవి వేసుకోండి. కాపీ మీద సంతకం, తేదీ తీసుకోండి. అదే రోజు ఆ కాపీ, ఫొటోలు, చాసిస్ నంబరు కలిపి కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ చేయండి. డీలర్ పంపే వివరణ ఒక్కటే వాళ్ల ముందు ఉండకూడదు.

వారంటీ ఒప్పుకునేది డీలర్ కాదు, కంపెనీ. డీలర్ ఫొటోలు పంపి అనుమతి కోసం చూస్తారు, అవసరమైతే ప్రాంతీయ ఇంజనీరు వచ్చి చూస్తారు. అందుకే కౌంటర్ దగ్గర కూర్చున్న అబ్బాయి మీద కోపగించుకుని లాభం లేదు, ఆయన పంపే ఫైలు సరిగ్గా ఉండేలా చూసుకోవడమే మన పని. ఒప్పుకుంటే పాత అద్దం వాళ్లే ఉంచుకుంటారు, తనిఖీకి కావాలి కాబట్టి. దాన్ని ఇమ్మని పట్టుబట్టవద్దు, తీసిన తర్వాత దాని అంచు ఫొటో మాత్రం తీసుకోండి. తిరస్కరిస్తే కారణాన్ని, వారంటీ పుస్తకంలోని నిబంధనతో సహా, రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు.

బీమా దారిలో వెళ్తే లెక్క వేసుకోండి

థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే మీ అద్దానికి పైసా రాదు. సొంత నష్టం కవర్ ఉండాలి. చాలామందికి తెలియనిది ఏమిటంటే, అద్దానికి జీరో డెప్, అంటే తరుగుదల కోయకుండా ఇచ్చే అదనపు కవర్, అవసరమే లేదు. మామూలు సమగ్ర పాలసీలోనే గాజు భాగాలకు తరుగుదల సున్నా. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు మాత్రం 50 శాతం కోస్తారు, అంటే బీడింగ్‌లో సగం మీది. జిగురు, క్లిప్పులు చాలాసార్లు కన్జ్యూమబుల్స్ (ఒకసారి వాడితే అయిపోయేవి) లెక్కలోకి పోతాయి, ఆ అదనపు కవర్ (యాడ్-ఆన్) ఉంటే వస్తాయి. వీటన్నిటి మీద తప్పనిసరి మినహాయింపు, అంటే ప్రతి క్లెయిమ్‌లో మీరే భరించాల్సిన మొత్తం, 1500 సీసీ ఇంజను వరకు 1,000 రూపాయలు, ఆపైన 2,000. పాలసీ తీసుకునేటప్పుడు ప్రీమియం తగ్గుతుందని ఐచ్ఛిక మినహాయింపు పెట్టుకుని ఉంటే అదీ కలుస్తుంది.

అసలు ఖర్చు నో క్లెయిమ్ బోనస్‌లో, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపులో, దాగి ఉంటుంది. బోనస్ మెట్లు 20, 25, 35, 45, 50 శాతం. సొంత నష్టం ప్రీమియం 10,000 రూపాయలని, ఇప్పుడు మీరు 35 శాతం మెట్టు మీద ఉన్నారని అనుకోండి. క్లెయిమ్ చేయకపోతే వచ్చే ఏడు 45, ఆ తర్వాత వరసగా 50. క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడు సున్నా, ఆపైన 20, 25, 35, 45. తేడా ఏటేటా 4,500, 3,000, 2,500, 1,500, 500. ఐదేళ్లలో మొత్తం 12,000 రూపాయలు. ఎనిమిది తొమ్మిది వేల అద్దం కోసం ఇది నష్టం బేరం, చేతి డబ్బుతో వేయించుకోవడం నయం. కెమెరా, వాన సెన్సర్ ఉన్న ఖరీదైన అద్దమైతేనో, బోనస్ రక్షణ యాడ్-ఆన్ ఉంటేనో క్లెయిమ్ చేయండి. డీలర్ ఈ లెక్క చెప్పరు, మీరే కాగితం మీద వేసుకోవాలి.

క్లెయిమ్ చేయాలనుకుంటే ముందు సమాచారం ఇవ్వండి, సర్వే, అంటే బీమా కంపెనీ తనిఖీ, అయ్యేదాకా అద్దాన్ని ముట్టుకోనివ్వద్దు. అద్దం ఒక్కటే అయితే చాలా కంపెనీలు యాప్‌లో ఫొటోలు, వీడియోతోనే సర్వే ముగిస్తాయి. ఎలా జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాయండి: ఏ ఊరి దగ్గర, ఏ సమయానికి, ముందు ఏ బండి. రాయి దెబ్బకు పోలీసు ఫిర్యాదు మామూలుగా అక్కర్లేదు. ఎవరో అద్దం పగలగొట్టి బ్యాగు ఎత్తుకుపోతే మాత్రం ఫిర్యాదు ఇవ్వాలి. అప్పుడు కూడా పాలసీ అద్దానికే, బ్యాగుకు కాదు.

దెబ్బ రూపాయి బిళ్ల కంటే చిన్నదిగా, డ్రైవర్ చూపుకు అడ్డం లేనిచోట, అంచుకు దూరంగా ఉంటే అద్దం మార్చనక్కర్లేదు, రెజిన్ నింపించవచ్చు. అది మొదటి రెండు మూడు రోజుల్లోనే, దుమ్ము చేరకముందే జరగాలి. ఫ్యాక్టరీలో అతికించిన అద్దాన్ని వీలైనంత కాలం కదపకుండా ఉంచడమే మేలు. కొన్ని పాలసీల్లో ఈ మరమ్మతు బోనస్‌ను తాకదు, మీ పాలసీ చూసుకోండి.

బిగింపు దగ్గర నిలబడి చూడాల్సినవి

అద్దం ఎవరి డబ్బుతో వచ్చినా బిగింపు పాడైతే అంతా వృథా. ముందు అద్దం గాలి ఆపే పలక మాత్రమే కాదు. ప్రయాణికుడి వైపు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు దానికి ఆనుకునే నిలబడుతుంది, కారు బోల్తా పడితే పైకప్పు బరువులో కొంత మోస్తుంది. అంతా ఆ జిగురు గీత మీదే ఆధారపడి ఉంది.

కొత్త అద్దం డబ్బా తెరవగానే ముద్ర చూడండి, ఐఎస్ఐ గుర్తు ఉండాలి. పాతదానిలో ఉన్న ఏర్పాట్లన్నీ, అంటే వెనక చూసే చిన్న అద్దం తగిలించే కొక్కెం, సెన్సర్ చోటు, కెమెరా బ్రాకెట్, పైన రంగు పట్టీ, కొత్తదానిలోనూ ఉన్నాయా అని పోల్చండి. అంచులు వేలితో కాకుండా కంటితో చూడండి, చిట్లి ఉంటే వెనక్కి పంపండి.

జిగురు పాలీయురేథేన్ అయి ఉండాలి. బాత్రూమ్‌లో వాడే సిలికాన్ గొట్టం కనిపిస్తే పని ఆపించండి. అది నీళ్లు ఆపుతుంది కానీ అద్దాన్ని పట్టి ఉంచదు. గొట్టం మీద గడువు తేదీ చదవండి, మన ఎండలకు స్టోర్‌రూమ్‌లో మగ్గిన జిగురు ముందే గట్టిపడుతుంది. చిన్న కారుకు 310 మిల్లీలీటర్ల గొట్టం ఒకటి దాదాపు సరిపోతుంది, పెద్ద బండికి రెండోది తెరవాలి. ఉన్న ఒక్కదాన్నే సాగదీసి పల్చగా పూస్తే మూలల్లో ఖాళీలు మిగులుతాయి, మొదటి వానకే కారుతుంది.

పాత జిగురును పూర్తిగా గీకేయకూడదు. బాడీ మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల మందాన సమంగా వదిలి దాని మీదే కొత్తది వేయాలి. కొత్త జిగురు పాతదాన్ని గట్టిగా పట్టుకుంటుంది. గీకేటప్పుడు బ్లేడు తగిలి పెయింట్ లేచిన ప్రతిచోటా ప్రైమర్, అంటే జిగురుకు ముందు వేసే పూత, పూయాలి, లేకపోతే రెండేళ్లలో అక్కడ తుప్పు పట్టి జిగురుతో సహా లేస్తుంది. ఎక్కువ చోట్ల ఎగ్గొట్టేది ఈ పనే, బీడింగ్ వేశాక ఎవరికీ కనిపించదు కాబట్టి. అద్దం అంచు చుట్టూ ఉండే నల్లటి పట్టీకి కూడా తుడిచి ప్రైమర్ పూసి, డబ్బా మీద రాసినంతసేపు ఆరనివ్వాలి. జిగురును త్రికోణం గీతలా, ఎక్కడా తెగకుండా ఒకే వరసలో వేసి, పైన పొర కట్టకముందే ఇద్దరు పట్టుకుని అద్దం కూర్చోబెట్టాలి.

మన ఊళ్లలో దీనికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఈ జిగురు గాలిలోని తేమతో గట్టిపడుతుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గాలి వేడిగా, పొడిగా ఉంటుంది. పైపొర చకచకా కడుతుంది, అందువల్ల అద్దం పెట్టడానికి దొరికే సమయం తగ్గుతుంది. లోపల మాత్రం తేమ అందక నెమ్మదిగా ఆరుతుంది. పైన ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది కానీ ఆరదు. కాబట్టి ఎండాకాలంలో ఉదయం మొదటి బండిగా, నీడలో బిగించమని ముందే మాట్లాడుకోండి. ఎన్ని గంటలకు బండి తీయవచ్చో గొట్టం మీద ఉంటుంది, అది చదివి బయలుదేరండి. వీలుంటే రాత్రి అక్కడే ఉంచండి.

మొదటి 24 గంటలు టేపు పీకవద్దు, ఒక తలుపు అద్దాన్ని అంగుళం దించి ఉంచండి. అన్నీ మూసి తలుపు వేస్తే లోపలి గాలి ఒత్తిడి కొత్త జిగురును నెట్టేస్తుంది. రెండు రోజుల దాకా ప్రెషర్ వాష్ వద్దు, గుంతల రోడ్డు వద్దు. కెమెరాతో పనిచేసే భద్రతా వ్యవస్థలున్న కారైతే క్యాలిబ్రేషన్, అంటే కెమెరా చూపును మళ్లీ సరిచేయడం, చేసినట్టు ప్రింటు అడగండి. అది లేకుండా లేన్ హెచ్చరికలు, ఆటో బ్రేకు తప్పుగా పనిచేయవచ్చు.

రెండో రోజు నీళ్ల పరీక్ష చేయండి. ఒకరు లోపల టార్చితో, ఒకరు బయట పైపుతో. ప్రెషర్ లేకుండా, కింది అంచుతో మొదలుపెట్టి ఒక్కో వైపు ఐదు నిమిషాలు పోస్తూ పైకి వెళ్లాలి. పై నుంచి మొదలుపెడితే నీరు అంతటా జారి, కారేది ఎక్కడో తెలియదు.

పాత అద్దంతో పాటు ఫాస్టాగ్ కూడా పోతుంది. పీకి కొత్త అద్దానికి అంటిస్తే లోపలి తీగ తెగి పనిచేయదు. బిగింపు తేదీ ఖరారు కాగానే ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకు చెప్పి అదే ఖాతాకు మారు ట్యాగ్ తెప్పించుకోండి, లేకపోతే పంతంగి టోల్ దగ్గరో, రాయికల్ టోల్ దగ్గరో జరిమానాతో కట్టాల్సి వస్తుంది.

కాదు పొమ్మంటే

వారంటీ తిరస్కారం అన్యాయమని అనిపిస్తే ముందు 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయండి. కంపెనీ దాకా చేరి కొన్ని అక్కడే తేలిపోతాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు ఉండే చోటే కేసు వేయవచ్చు, కారు ఎక్కడ కొన్నా సరే. వివాదం మొదలైన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. రుసుము మీరు వస్తువుకు చెల్లించిన ధరను బట్టి ఉంటుంది: 5 లక్షల దాకా ఏమీ లేదు, 5 నుంచి 10 లక్షల మధ్య 200 రూపాయలు. వకీలు తప్పనిసరి కాదు.

బీమా క్లెయిమ్ కాదంటే మొదట ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు, అంటే బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి దగ్గరికి, వెళ్లవచ్చు, రుసుము లేదు. రెండు చోట్లా అడిగేవి అవే కాగితాలు: సంతకమున్న జాబ్‌కార్డు, తిరస్కార లేఖ, పంపిన మెయిల్, మొదటి గంటలో తీసిన ఆ ఫొటోలు, పెన్ను మొన వీడియో.